వీరప్ప వీపున బాణం

ముప్పై మూడేళ్ళు కాలేజీల్లో చరిత్ర చెప్పాను. కుప్పంలో మొదలుపెట్టి, పుంగనూరులో నడివయసంతా గడిపి, మదనపల్లెలో రిటైరయ్యాను. పాతకాలపు సైనికుల మీద నాలుగు పుస్తకాలు రాశాను. వాళ్ళు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎలా పోరాడారు, ఎలా చచ్చిపోయారు అనేదే నా విషయం. కత్తి ఎప్పుడూ పట్టలేదు. విల్లు మ్యూజియం అద్దాల వెనక తప్ప చూడలేదు. ఎదురుగా ఎద్దు వస్తే రోడ్డు దాటి అవతలికి వెళ్ళే మనిషిని. అయినా సైనికుల ధైర్యం గురించి, పిరికితనం గురించి తీర్పులు ఇచ్చాను.

ఈ ఉద్యోగంలోకి వస్తున్న కుర్రవాళ్ళు, ఆడపిల్లలు కొందరు ఇంటికి వచ్చి, ‘మీ అనుభవాలు రాయండి సార్’ అని అడుగుతుంటారు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అనేది రాయను. అవి చదివి ఎవరూ బాగుపడరు. నేను చేసిన ఒక పని గురించి రాస్తాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేచిపోతాను. సన్మానాల్లో నా గురించి చెప్పిన మంచి మాటలు మీరు వినే ఉంటారు. ఇది కూడా వినండి.

కుప్పం: వరన్నం తిన్న సైనికుడు

కుప్పంలో మా విభాగాధిపతి సుబ్రమణ్యం సారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. సగం తెలుగు, సగం తమిళం కలిపి తిట్టేవారు. నేను చేరిన ఏడాదే ఒక వ్యాసం రాసి ఆయనకు చూపించాను. వెయ్యేళ్ళ కిందట ఈ ప్రాంతంలో ఒక సైనికుడి రోజు ఎలా గడిచేదన్నది విషయం. పొద్దున లేవడం, సాము చేయడం, వేడి వేడి వరన్నం, నెయ్యి, పప్పు తినడం అన్నీ కమ్మగా రాశాను.

సారు రెండో పేజీ దగ్గర ఆగారు. ‘ఏమయ్యా, నీ ఊరేది?’

‘నిమ్మనపల్లె దగ్గర సార్.’

‘మీ తాత ఏం తినేవాడు?’

‘సంగటి సార్. ఉలవచారు.’

‘మీ తాత సంగటి తినింటే, ఆయప్ప తాతల తాత మూడు పూటలా వరన్నం యాడ తిన్నాడయ్యా? ఈ నేలలో అంత వడ్లు యాడ పండె? నువ్వు తినాలనుకున్నది వాడికి పెట్టినావు!’

డిపార్ట్‌మెంట్ అంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది కానీ, ఆ రోజు నుంచి సారు వెంట తిరిగాను. కుప్పం చుట్టుపక్కల పొలాల గట్ల మీద, చింతతోపుల్లో వీరగల్లులు ఎన్నో ఉన్నాయి. పోరులో చచ్చిపోయిన మనిషి బొమ్మ చెక్కి, అతని పేరు, పడిపోయిన కారణం రాసి నిలబెట్టిన రాళ్ళు. కొన్నిటి మీద తమిళం, కొన్నిటి మీద కన్నడం, కొన్నిటి మీద తెలుగు. ఎక్కువమంది పెద్ద యుద్ధాల్లో చచ్చిపోయినవాళ్ళు కాదు. ఆ రోజుల్లో పక్క రాజ్యాన్ని దెబ్బ తీయాలంటే ముందు వాళ్ళ ఆవుల మందలను తోలుకుపోయేవారు. వాటిని విడిపించడానికి పోయి పడిపోయినవాళ్ళే ఎక్కువ.

సారు దగ్గర ఒక పద్ధతి ఉండేది. రాయి దగ్గరికి పోగానే నోటుబుక్కు తీయనిచ్చేవారు కాదు. దానికి ఎవరు దీపం పెడతారో కనుక్కొని ముందు వాళ్ళింటికి తీసుకెళ్ళేవారు. ‘రాయి మీద రాత రాసుకోడానికి అరగంట చాలయ్యా. దీపం పెట్టేవాళ్ళ మాట వినడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట లేకుంటే ఇంట్లో కూసో, రావొద్దు’ అనేవారు. నేను తలూపేవాణ్ణి. ముసలాయన చాదస్తం అని లోపల అనుకునేవాణ్ణి. ఆయన రిటైరై వెళ్ళిపోయాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా. అది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పుంగనూరు: బస్సు టైమయింది

తర్వాత పుంగనూరుకు బదిలీ అయింది. అక్కడ ఉన్నప్పుడే మొదటి పుస్తకానికి పూనుకున్నాను. సెలవు రోజుల్లో బస్సెక్కి ఊళ్ళు తిరిగేవాణ్ణి. గంగవరం వైపు పోయే దారిలో ఒక ఊరు ఉంది. దాని పేరు ఇక్కడ రాయను. నా రాతల వల్ల ఆ ఊళ్ళో ఒక కుటుంబానికి జరిగిన నష్టం చాలు.

ఊరి బయట, బండబోడు అనే రాతిగుట్ట కింద ఆ రాయి ఉంది. నడుమెత్తు ఉంటుంది. ముందు ఆరు ఆవులు, వాటి వెనక ఒక మనిషి. చేతిలో కత్తి. ఆవులూ మనిషీ అందరూ ఒకే వైపు నడుస్తున్నారు. మనిషి వీపులో ఒక బాణం దిగి ఉంది. పైన మూడు వరసల రాత, సగం అరిగిపోయింది. ఆవుల కోసం జరిగిన పోరులో పడిపోయాడని మాత్రం తెలుస్తోంది. ఊళ్ళో వాళ్ళు ఆయన్ని వీరప్ప అంటారు.

దానికి దీపం పెట్టేది వీరప్ప వంశంవాడైన గంగులప్ప. క్వారీలో రాళ్ళు కొట్టే కూలి. సొంత భూమి లేదు. ఊళ్ళో ఆ ఇంటికి ఉన్న మర్యాద ఒక్కటే. గంగమ్మ జాతర రోజు ఊరి ఆవులన్నిటికీ పసుపు పూసి, ఆ రాయి పక్కగా ఊళ్ళోకి తోలుకొస్తారు. అన్నిటికన్నా వెనక గంగులప్ప ఇంటి పెద్ద నడుస్తాడు. దారి పొడుగునా జనం ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు, కేకలేస్తారు, ఆటపట్టిస్తారు. ఆయన మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరగకూడదు. ఊళ్ళోకి చేరాక ఊరి పెద్ద ఆయనకు మొదటి తాంబూలం ఇస్తాడు. ఆ తర్వాతే భూములున్నవాళ్ళకైనా, ఇంకెవరికైనా.

నేను పోయింది ఆ జాతర రోజే. అంతా చూశాను. నడక అయిపోయాక గంగులప్ప తాంబూలం కండువాలో కట్టుకొని నా దగ్గరికి వచ్చాడు.

‘ఏమప్పా, వెనక్కి ఎందుకు తిరగకూడదు?’ అని అడిగాను.

అతని ముఖం వెలిగింది. ‘అది పెద్ద కత సార్. మా నాయన చెప్పినాడు. కూసోండి, సల్ల తాగతా విందురు. ఆ పొద్దు ఏమయిందంటే...’

నేను గడియారం చూసుకున్నాను. పుంగనూరు పోయే బస్సుకు పది నిమిషాలుంది. అది పోతే మళ్ళీ గంటన్నర. ‘ఇంకోసారి వింటాలే అప్పా. బస్సు టైమయింది’ అన్నాను.

‘మళ్ళా వస్తారా సార్?’

‘తప్పకుండా’ అన్నాను. పోలేదు. ఫొటో ఉంది, కొలతలున్నాయి, అరిగిన మూడు వరసలూ రాసుకున్నాను. ఇక కూలివాడి నోటి కథ నాకెందుకు అనుకున్నాను. నా ఆలోచన సరిగ్గా ఇదే. మెత్తగా మార్చి రాయడం లేదు.

ప్రెస్సులో మసాలా

పుస్తకం మదనపల్లెలో అచ్చయింది. ప్రెస్సు యజమాని ప్రూఫులు చదివి పెదవి విరిచాడు. ‘అన్నీ కొలతలే సార్. కొంచెం మసాలా వేయండి. జనం నవ్వల్ల, ఏడ్వల్ల.’

ఆ సాయంత్రమే వీరప్ప ఫొటో కింద ఈ మాటలు రాశాను: ‘ఎదురొడ్డి పడిపోయినవాళ్ళకే కాదు, పారిపోతూ వీపున బాణం తిన్నవాడికి కూడా మనవాళ్ళు గుడ్డిగా రాయి నిలబెట్టి దీపం పెడుతున్నారు. పాపం, వెనక్కి తిరిగి చూసే ధైర్యం కూడా లేకపోయినట్టుంది.’ జాతరలో చూసిన నడకను కూడా దానికి ముడిపెట్టి, వెక్కిరింపుగా రెండు వాక్యాలు చేర్చాను.

యజమాని చదివి పడిపడి నవ్వాడు. ఆ మాటలను వెనక అట్ట మీద వేశాడు. నేను క్లాసులో చదివి వినిపించాను. పిల్లలు బల్లలు చరిచారు. సభల్లో ఎవరైనా నా పుస్తకం గురించి మాట్లాడితే ముందు ఆ మాటలే ఎత్తుకునేవారు. నేను కుర్చీలో కూర్చొని ముసిముసిగా నవ్వేవాణ్ణి.

మీకు ఒక మాట చెప్తాను. పాత సైనికుల మీద పుస్తకాలు రాసేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఎవడు వీరుడు, ఎవడు పిరికి అని మార్కులు వేయడం. వాడు వచ్చి అడగడు కదా అనే ధైర్యం. వాడు రాకపోయినా వాడి ఇంటివాళ్ళు వస్తారు.

మదనపల్లె: స్టాఫ్ రూములో రాజేశ్వరి

మదనపల్లెకు బదిలీ అయిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూముకు ఒక అమ్మాయి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, మనిషి అలసిపోయి ఉంది. చేతిలో నా పుస్తకం.

‘సార్, నేను గంగులప్ప బిడ్డని. రాజేశ్వరి. మా ఊరికి మీరు వచ్చినారు, జాతరకు.’

గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

‘మా ఊర్లో ఈ బుక్కు అందరి ఫోన్లల్లో ఉండాది సార్. ఎవరో అట్ట ఫొటో తీసి పెట్టినారు. పోయిన జాతరకు ఊరి పెద్ద మునిరత్నం మా నాయనకు తాంబూలం ఇయ్యలేదు. పారిపోయినోడి వంశానికి మొదటి తాంబూలం ఏంది, కాలేజీ సారే రాసినాడు కదా అన్నాడు. అందరూ నవ్వినారు. మా నాయన ఆవుల యెనక నడస్తాంటే, పారిపో పారిపో అని పిల్లోళ్ళు రాళ్ళేసినారు.’

నేను ఏం అన్నానో రాస్తాను. ‘చూడమ్మా, నేను మీ ఊరి రాజకీయాల కోసం రాయలేదు. రాయి మీద ఏముందో అదే రాశాను. బాణం వీపున ఉందా లేదా?’

‘ఉండాది సార్.’

‘మరి? చరిత్ర ఎవరి బాధ కోసమూ మారదు.’

‘మా నాయన చెప్పేది విన్నారా సార్ మీరు?’

‘నోటి కథలు సాక్ష్యం కాదమ్మా.’

పక్క బల్లల దగ్గర ఉన్న లెక్చరర్లు వింటున్నారు. వాళ్ళ ముందు గట్టిగా మాట్లాడానని నాకు గర్వంగానే అనిపించింది. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ ఏడవలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, ‘ఇది మీ దగ్గరే ఉండనీండి సార్’ అని వెళ్ళిపోయింది. నేను దాన్ని బీరువాలో మిగిలిన కాపీలతో కలిపి పెట్టేశాను.

గొర్రెల వెనక మనిషి

రిటైరైన ఏడాదికి తంబళ్లపల్లెలో ఎవరో నాకు సన్మానం పెట్టుకున్నారు. కారు పంపించారు. దారిలో గొర్రెల మంద అడ్డమొచ్చింది. వెనక ఒక్కడే మనిషి, భుజాన కట్టె. మాకు ఆలస్యమవుతోంది. ‘హారన్ కొట్టప్పా’ అన్నాను. డ్రైవరు కొట్టాడు. మనిషి తిరగలేదు. మళ్ళీ కొట్టమన్నాను. కారు దాదాపు అతని కాళ్ళకు ఆనుకుంది. అయినా తిరగలేదు. రెండు చేతులూ చాచి, మాకూ గొర్రెలకూ మధ్యలో నడుస్తూనే ఉన్నాడు. అద్దంలోంచి నాకు కనిపించేది చెమటతో తడిసిన అతని వీపు ఒక్కటే.

‘చెవుడేమో’ అన్నాను విసుగ్గా.

డ్రైవరు నవ్వాడు. ‘చెవుడు కాదు సార్. యెనక్కి తిరిగితే ముందర గొర్రెలు చెదిరి రోడ్డుకడ్డం పడతాయి. ఆయప్ప సూపు వాటి మిందే ఉండల్ల. మనం గుద్దినా తిరగడు.’

అప్పుడు నాకు వీరప్ప గుర్తొచ్చాడు. కారు ఆపించి రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాను. డ్రైవరు భయపడి నీళ్ళు ఇచ్చాడు.

రాతి మీద ఆవులు ఎటు నడుస్తున్నాయి? మనిషి నడిచే వైపే. పారిపోయేవాడు ఆరు ఆవులను ముందు పెట్టుకొని పారిపోతాడా? వాటిని వదిలేసి పరిగెత్తితే బతికిపోయేవాడు. విడిపించిన ఆవులను ముందు విడిచి, తరుముకొచ్చేవాళ్ళకూ ఆవులకూ నడుమ తను నడిచాడు. తిరిగి పోరాడితే మంద చెదిరి మళ్ళీ వాళ్ళ చేతికే పోతుంది. అందుకని తిరగలేదు. బాణం వీపున తగలక ఇంకెక్కడ తగులుతుంది?

ఆవును ఏనాడూ తోలని వాడికి ఇది తట్టదు. నిమ్మనపల్లె పక్కన పుట్టి, చదువు పేరుతో పశువుల పేడ వాసనకు కూడా దూరంగా పెరిగిన నాకు తట్టలేదు. ఊళ్ళో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాల్సిన విషయం అది. జాతర నడకలో ఏటేటా వాళ్ళు నాలాంటి వాళ్ళకు చూపించింది అదే. సన్మానానికి పోయాను, శాలువా కప్పారు. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

మళ్ళీ ఆ ఊరికి

మరుసటి రోజే మదనపల్లె ఆస్పత్రికి వెళ్ళి రాజేశ్వరిని కనుక్కున్నాను. విషయం చెప్పాను. ఆమె సంతోషపడలేదు, కోప్పడలేదు. ‘నాకు కాదు సార్, మా నాయనకు చెప్పండి’ అంది. ఆదివారం ఇద్దరం బస్సులో వెళ్ళాం.

గంగులప్ప బాగా ముసలివాడయ్యాడు. క్వారీ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. నన్ను చూసి లేచి నిలబడి చేతులు జోడించాడు. నాకు తల ఎత్తి చూడాలనిపించలేదు. ‘ముందు రాయి దగ్గరికి పోదాం అప్పా. అక్కడే చెప్తాను’ అన్నాను. మునిరత్నాన్ని కూడా పిలిపించాను. అందరి ముందూ అవమానం చేశాను కాబట్టి అందరి ముందే ఒప్పుకోవాలని నా ఆలోచన.

రాయి దగ్గర దీపం లేదు. ఆవులు ఉన్నాయి, మనిషి ఉన్నాడు, కత్తి ఉంది. వీపున బాణం లేదు. అది ఉండాల్సిన చోట అరచేతంత మేర నున్నగా, తెల్లగా చెక్కేసి ఉంది.

‘ఇది ఎవరు చేశారు?’ అన్నాను.

‘నేనే సార్’ అన్నాడు గంగులప్ప. ‘నాకు తెల్సిన పని అదొకటే కదా. మీరు రాసినాక దాన్ని సూడలేకపోయినా.’

నేను మునిరత్నానికి అంతా చెప్పాను. గొర్రెల మనిషి సంగతి చెప్పాను. వీరప్ప పారిపోలేదని, నేను రాసింది శుద్ధ తప్పని, మొదటి తాంబూలం మళ్ళీ ఈ ఇంటికే ఇవ్వాలని చేతులు పట్టుకొని బతిమాలాను. ఆయన నిదానంగా విన్నాడు. చెడ్డ మనిషేం కాదు.

‘సరే సార్, మీరు చెప్పేది బాగానే ఉండాది. కానీ ఊర్లో నలుగురికి ఏం సూపించేది? రాయి మీద బాణమే లేదు. బాణం ఉండేది మీ బుక్కులో ఒక్క సోటే. దాని కిందనేమో పారిపోయినాడని మీరే అచ్చేసినారు. ఇప్పుడు తాంబూలం వేరే ఇంటికి పోతాండాది. వాళ్ళని నేనేమని అడిగేది?’

ఆయన కండువా దులుపుకొని వెళ్ళిపోయాడు. పేపరుకు ఉత్తరం రాశాను, ఒక మూల వేశారు. ప్రెస్సు మూతపడింది కాబట్టి రెండో ముద్రణ లేదు. మిగిలిన కాపీలన్నిటిలో ఆ పేజీలో సవరణ కాగితం అతికించి, నాకు తెలిసిన లైబ్రరీలన్నిటికీ తిరిగి వాటిలో కూడా అతికించి వచ్చాను. చేసింది ఇంతే. దీనివల్ల ఆ ఊళ్ళో ఏమీ మారలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఎక్కువ లేదు. రాయికి దీపం పెట్టేవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. బస్సు పోతే పోనివ్వండి. మీ మాట అచ్చులో ఉంటుంది కాబట్టి, వాళ్ళ మాట కన్నా దానికే బరువెక్కువ. ఆ బరువు ఎవరి మీద పడుతుందో చూసుకోకుండా రాయొద్దు. అది ఎంత బరువో నాకు ఆ రోజు గంగులప్ప ఇంటి అరుగు మీద కూర్చున్నాక తెలిసింది.

మునిరత్నం వెళ్ళాక ముగ్గురం ఇంటికి వచ్చాం. రాజేశ్వరి లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. నేను గంగులప్పతో, ‘ఆ రోజు నువ్వు చెప్పబోయిన కథ ఏంది అప్పా? ఇప్పుడు చెప్పు. ఎంతసేపైనా కూర్చుంటాను’ అన్నాను.

‘మీరు ఇప్పుడు చెప్పిందే సార్’ అన్నాడు. ‘ఆవుల్ని ముందర ఇడిసి, ఆయప్ప యెనక వచ్చినాడని. పిలిచినా తిరగలేదని. తిరిగుంటే మంద పోయుండేదని. మా నాయన చెప్పినాడు, నేను ఇంత ఉన్నప్పుడు.’

‘నీకు ముందే తెలుసా? తెలిసి ఆ బాణం ఎందుకు చెక్కేశావప్పా?’

గంగులప్ప దగ్గు ఆగేదాకా ఆగి, నా వైపు కాకుండా కూతురి వైపు చూస్తూ చెప్పాడు.

‘మీరు సదువుకున్నోళ్ళు. బుక్కులో అచ్చేసినారు. బిడ్డ సదివి చెప్పినాక, మా నాయన నాతో అబద్దం చెప్పినాడని అనుకున్నా సార్. ఆయన్ని పూడ్చిన సోట ఏటా నేనే దీపం పెడ్తాంటి. ఆ యేటి నుంచి పెట్టలేదు.’